ఎప్పుడైనా లాగాల్సి వస్తేనో?

సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొనేవాళ్లు చెప్పే కారణాల్లో హుందాతనం ఉంటుంది, ఎత్తు ఉంటుంది, బావమరిది ముందు పరువు ఉంటుంది. ఇవన్నీ ఎలాగో భరిస్తాం. "ఎప్పుడైనా ఏదైనా లాగాల్సి వస్తే పనికొస్తుంది" అన్నప్పుడే ఒళ్లు మండుతుంది. ఏం లాగుతారండీ తమరు? ఏడాదికోసారి, సంక్రాంతికి పొలం దారిలో దిగబడిన తోడల్లుడి స్విఫ్ట్‌ని.

ఆ మహత్కార్యం కోసం మిగతా ఏడాదంతా బండి కవర్ కింద అలక పాన్పెక్కిన అల్లుడిలా పడుంటుంది. సగం ఖాళీ ట్యాంకులో తేమ పేరుకుంటుంది, నీళ్లు డీజిల్ ఫిల్టర్ అడుక్కి దిగుతాయి, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. ఫిల్టర్ కింద డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి, చేతిపంపు కొడుతూ అచ్చమైన డీజిల్ వచ్చేదాకా వదిలితే చాలు. వదలరు. ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాక డీజిల్ కల్తీ అంటారు.

కొనేటప్పుడైనా చూశారా అంటే, చూశారు పాపం, మ్యూజిక్ సిస్టమ్. పాత మూడు లీటర్ల ఫార్చ్యూనర్‌లో ఇంజెక్టర్ కింది రాగి వాషర్లు లీకైతే మంట వాయువులు ఆయిల్లో కలుస్తాయి, మసి ముద్దై ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోని జాలీని పూడుస్తుంది, ఆయిల్ అందక ఇంజిన్ పట్టేస్తుంది. సంప్ విప్పి జాలీ చూపించమనాలి. కానీ అమ్మేవాడు అది డాక్టర్ గారు వాడిన బండి అన్నాడు కదా, విప్పితే పాపం!

ఇక లాగుడు ఘట్టం. తాడు కట్టాల్సింది ఛాసిస్‌కున్న కొక్కేనికి. చాలా కార్లలో బంపర్ మూత తీసి బిగించే కొక్కెం జాకీ పక్కనే ఉంటుంది. ఆ సంచీ ఎవరు విప్పారు గనక? బావి తాడు తెచ్చి మన బండి వెనక మెరిసే బంపర్ గార్డుకి కడతారు. బాబాయి చెయ్యూపుతాడు: "ఒక్క గుంజు గుంజరా!" తాడు వదులుగా ఉండగానే బండి ఓనరు క్లచ్ ఠక్కున వదుల్తాడు. గార్డు బోల్టులతో సహా ఊడొచ్చి బురదలో పడుతుంది. స్విఫ్ట్ కదలదు. "ఇంకో తాడు తేండ్రా!" ఈసారి కట్టేది టో బార్‌కి, అంటే వెనక ట్రైలర్ తగిలించే కడ్డీకి. కొన్నది ఫోర్ బై టూ, అంటే ఇంజిన్ బలం వెనక రెండు చక్రాలకే అందేది గనక వెనక చక్రాలు బంకమట్టిలో అక్కడే తిరుగుతాయి, క్లచ్ ప్లేటు కమురు వాసన ఊరంతా వస్తుంది. బాబాయి ఇంకా చెయ్యూపుతూనే ఉంటాడు.

బురదలోంచి బయటపడ్డా స్విఫ్ట్ స్టార్ట్ కాకపోతే అలాగే షెడ్డుకి లాక్కెళ్తారు. అందులో స్టీరింగ్ దగ్గర ఎవర్ని కూర్చోబెట్టారు? పదో తరగతి పిల్లాణ్ణి! ఇంజిన్ ఆగిన కారులో బ్రేకు తొక్కుడికి బలమిచ్చే బూస్టర్ ఒకటి రెండు తొక్కులకి మించి ఉండదు, ఆపైన పెడల్ బండరాయి. స్టీరింగ్ మొండికేస్తుంది, తాళంచెవి తీస్తే లాకే అయిపోతుంది. ముందు బండి సడన్‌గా ఆగితే వాడేం చెయ్యాలి? రెండు బళ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదని నిబంధన. అంత దగ్గర్లో, బ్రేకు లేని కారులో, మీసాలు రాని పిల్లాడు. బిగిసిన తాడు పక్కన నిలబడి సెల్‌ఫోన్లో వీడియో తీస్తున్న పెద్దమనుషులకి సిగ్గులేదా?

తాడు తెగితే ఇనుప కొక్కెం ఎగిరొచ్చి తలకి తగులుతుంది. తాడు నడిమధ్య తడి గోనెసంచి వెయ్యండి. జనాన్ని తాడు పొడవుకి రెట్టింపు దూరం జరపండి. పిల్లాణ్ణి దింపండి. మొదట చెయ్యాల్సింది ట్రాక్టరు ఉన్నాయనకి ఫోను.