సోఫా కొన్నది ఎవరి కోసం?

సోఫా కొన్నది కూర్చోవడానికా, దిండ్లకు కాపలా కాయడానికా? మా ఇంట్లో మూడు సీట్ల సోఫాలో ఒక మనిషికి చోటు దొరకడం గగనమైపోయింది. మిగతాదంతా కుషన్లే! వచ్చిన చుట్టం పక్కకు జరపాలా వద్దా అని కాసేపు నిలబడే ఉంటాడు. చివరికి ఒకటి తీసి, పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కాఫీ తాగుతాడు. ఆనుకోకూడదట, నలుగుతుందట! ఆనుకోడానికి పనికిరాని దిండు ఇంకెందుకండీ?

కవర్ల సంగతి మరీ ఘోరం. సెట్ అని మురిసిపోయి కొంటే లోపల దిండు ఉండదు, అది వేరే కొనాలి. 16 అంగుళాల కవర్లో 16 అంగుళాల దిండే వేస్తే మూలలు వేలాడతాయి. కాబట్టి 18 అంగుళాలది కుక్కాలట. కుక్కుతుంటే జిప్పు ఊడి చేతికొస్తుంది. కలంకారీ అని అంటగట్టిన కవరేమో మొదటి ఉతుకులోనే బకెట్ నీళ్లన్నీ ఎర్రగా చేసి పెట్టింది, పక్కనున్న తెల్ల చొక్కాతో సహా. అద్దాల కుట్టు కవరైతే మరీ మేలు. మధ్యాహ్నం కాస్త కునుకు తీసి లేస్తే బుగ్గ నిండా గుండ్రటి అచ్చులు!

పైగా ప్రతి దిండుకీ నడినెత్తిన చేత్తో ఒక్కటిచ్చి రెండు చెవులు తేల్చాలి. ఫొటోల్లో అలాగే ఉంటుందట. రాత్రయితే మంచం మీంచి అన్నీ దించు, పొద్దున్నే మళ్లీ ఎక్కించు. మా పడగ్గది చూసేదెవరని ఈ హడావుడి? మెడ నొప్పికి వాడే బూరుగు దూది దిండేమో అందంగా లేదని అటకెక్కింది.

పండక్కి ఇంకో సెట్ ఆర్డర్ పెట్టారు. ఈసారి గుండ్రటివట.