డిఫాల్ట్‌హోస్ట్ గారి దివ్యసముఖమునకు

జావా వెబ్‌సైట్లను నడిపే మహారాజశ్రీ టామ్‌క్యాట్ సర్వర్ ఇంజిన్ వాస్తవ్యులు, ఎవరికీ చెందని రిక్వెస్టులను చేరదీసే సెట్టింగు డిఫాల్ట్‌హోస్ట్ గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక సర్వర్ కాపలాదారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే.

శుక్రవారం మధ్యాహ్నం, ఆంధ్రా మెస్‌లో భోజనాలు అయిపోయే వేళకు చీరల కొట్టాయన ఫోను. "ఏమయ్యా, మా సైటు తెరిస్తే పళ్ల డాక్టరు కనిపిస్తున్నాడేంటి?" ఒకే సర్వరు, రెండు డొమైన్లు, మధ్యలో పళ్ల డాక్టరుకు ఇల్లిచ్చిన తమరు.

తమ ఔదార్యం అలాంటిది. వచ్చిన డొమైన్ పేరు ఏ హోస్టుకూ (సర్వరులో ఒక్కో సైటుకు రాసిచ్చిన ఇంటికి) కుదరకపోతే "పరవాలేదు, మనవాళ్లే" అని లోపలికి తీసుకుంటారు. మీ సెట్టింగుల ఫైలు సర్వర్ ఎక్స్ఎమ్ఎల్‌లో డొమైన్‌కి హోస్ట్ రాసి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుకు ఎలియాస్, అంటే మారుపేరు, రాయకపోతే ఆ ట్రాఫిక్ మీ ఇంటికే. పేరులో ఒక్క అక్షరం తప్పినా మీ ఇంటికే. హెచ్చరిక లేదు, లాగ్‌లో ముక్క లేదు. హాయిగా 200, అంటే "అంతా సరే", ఇచ్చి పళ్ల డాక్టరును చూపిస్తారు. ఆయన యాప్‌లో లేని సర్వ్‌లెట్‌ను (పేజీ తయారుచేసే జావా ప్రోగ్రామును) అడిగితే 404, అంటే "ఆ పేజీ లేదు", ఇస్తారు. అది చూసి పాపం జనం యాప్ సెట్టింగుల ఫైలు వెబ్ ఎక్స్ఎమ్ఎల్‌లో ఏ అడ్రసు ఏ సర్వ్‌లెట్‌కో చెప్పే మ్యాపింగులు వెతుకుతారు, యూఆర్ఎల్ ప్యాటర్న్ మార్చి చూస్తారు, యాప్ మూట అయిన వార్ ఫైలు మళ్లీ బిల్డ్ చేస్తారు, వర్క్ ఫోల్డర్ ఊడ్చేస్తారు. అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. అసలు రిక్వెస్టు ఆ యాప్ గడపే తొక్కలేదు.

వచ్చిన రిక్వెస్టుల చిట్టా, యాక్సెస్ లాగ్ చూద్దామంటే, దాన్ని రాసే వాల్వ్ మొదటినుంచీ లోకల్‌హోస్ట్ అనే హోస్టు లోపలే ఉంటుంది. కొత్తగా రాసిన హోస్టుకు లాగే ఉండదు. ఉన్న లాగ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ పేజీ, ఎన్ని బైట్లు అన్నీ ఉంటాయి, ఏ డొమైన్ అడిగారన్నది తప్ప. లాగ్‌లో ఏమేం రాయాలో చెప్పే ప్యాటర్న్‌లో శాతం గుర్తు పక్కన చిన్న వీ చేర్చి, వాల్వ్‌ని హోస్ట్‌లోంచి తీసి ఇంజిన్ కిందికి జరిపితే గానీ మీ బండారం బయటపడదు.

ముందు కూర్చుని రిక్వెస్టులు అందుకుని మీకు పంపే వెబ్‌సర్వర్ అపాచీ మీకు వియ్యంకుడు కాబోలు. అడిగిన డొమైన్ పేరును అలాగే మీకు అందించే సెట్టింగు ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ పుట్టుకతోనే ఆఫ్. ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీపాస్‌లో లోకల్‌హోస్ట్ 8080 (మీ పోర్టు) అని రాస్తే చీరల డొమైన్ పేరు అక్కడే రాలిపోయి, వచ్చేవాళ్లంతా లోకల్‌హోస్ట్ అనే పేరుతో మీ దగ్గరికి చేరతారు. ఏ సర్వర్‌నేమ్‌కూ కుదరనివాళ్లను ఆయన కూడా ఫైల్లో మొదటి వర్చువల్‌హోస్ట్‌కే (తన దగ్గరి హోస్టుకే) అప్పజెబుతాడు. కాకపోతే ఆయన్ను నడిపే కమాండు అపాచీసీటీఎల్‌కి హైఫన్ పెద్ద ఎస్ తగిలిస్తే ఎవరు డిఫాల్టో ఒప్పుకుంటాడు. మీ సంగతి తేలాలంటే రిక్వెస్టులు పంపే కమాండు కర్ల్‌లో, ఏ డొమైన్ కావాలో చెప్పే హోస్ట్ హెడర్ పెట్టి నేరుగా 8080ని అడగాలి. చీరలొస్తే తప్పు అపాచీ వైపు, పళ్లొస్తే మీ వైపు. హెచ్‌టీటీపీఎస్‌కి ఆ హెడర్ చాలదు, రిజాల్వ్ ఆప్షన్ కావాలి. హెడర్ చేరేలోపే ఎస్ఎన్ఐ (కనెక్షన్ మొదట్లోనే చెప్పే డొమైన్ పేరు) చూసి సర్టిఫికెట్ ఎంచేసుకుంటారు కదా.

మిగతా కుటుంబసభ్యులకూ నమస్కారాలు. బయట రాసిన జేకేమౌంట్‌ను (ఏ అడ్రసులు టామ్‌క్యాట్‌కు పంపాలో చెప్పే లైనును) వర్చువల్‌హోస్ట్‌లోకి రానివ్వక, జేకేమౌంట్‌కాపీ ఆన్ చేస్తేగానీ కరగని, అపాచీని టామ్‌క్యాట్‌తో కలిపే మోడ్ జేకే గారికి. రెండు హోస్టులకు ఒకే ఫోల్డర్ ఇస్తే ప్రతి యాప్‌నీ రెండుసార్లు లేపి, కస్టమరుకు ఒకే బిల్లు రెండు మెయిళ్లుగా పంపించే, యాప్‌లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే యాప్‌బేస్ గారికి. పాత జావాక్స్ యానొటేషన్లను (కోడులో పెట్టే గుర్తులను) చూసీచూడనట్టు వదిలేసే టామ్‌క్యాట్ పదో వెర్షన్ గారికి.

ఇంక మర్యాద చాలు. తెలియని పేరు వస్తే తెలియదని చెప్పడానికి నీకు నోరెందుకు రాదు? ఒకరి లాగిన్ పేజీ ఇంకొకరి డొమైన్ మీద పెట్టడం సాయమా? తప్పు జరిగిన చోట తప్పు కనిపిస్తే పది నిమిషాల పని. నువ్వు దాన్ని దాచి పూట తినేస్తావు.

అందుకే కొత్త ఏర్పాటు చేశాను. పళ్ల డాక్టరును నీ ఇంట్లోంచి తీసి ఆయన పేరుతోనే హోస్ట్ రాశాను, ఎలియాస్‌తో సహా. నీ విలువ ఇకమీదట "ఎవరూలేరు". ఆ పేరుతో నిజంగానే ఒక హోస్ట్, దానికి ఖాళీ యాప్‌బేస్, కొత్త యాప్‌లను తనంతట తాను లేపే ఆటోడిప్లాయ్ ఫాల్స్. దారితప్పి వచ్చిన ప్రతివాడికీ 404. సర్వర్ ఎక్స్ఎమ్ఎల్‌ని మళ్లీ లేచాకే చదువుతారు కాబట్టి రీస్టార్ట్ తప్పదు. రాత్రి ట్రాఫిక్ తగ్గాక ఆపుతాను. అంతవరకూ ఏలుకో.