శాతం చూసి సున్నాలు వేస్తారా?

బీటెక్ ల్యాబ్‌లో ఒకడు రాసిన ప్రోగ్రామ్ రాత్రికి వాట్సాప్‌లో క్లాసంతా తిరిగి, వేరియబుల్ పేర్లు మార్చుకుని, రెండు కామెంట్లు తగిలించుకుని, తెల్లారేసరికి అందరి రికార్డుల్లోకీ ఎక్కేస్తుందన్నది ఎవరికీ కొత్త సంగతి కాదు. పేర్లు మారిస్తే దొరకమనుకోవడమే పిచ్చి. రెండు ప్రోగ్రాముల మధ్య పోలికలు పట్టి, ఎంత శాతం కలిశాయో చెప్పే టూల్స్ ఉన్నాయి. 1994లో అలెక్స్ ఐకెన్ తయారుచేసిన మాస్ గానీ, జర్మనీలోని కార్ల్‌స్రూహేలో పుట్టిన జేప్లాగ్ గానీ ఆ పేర్లను పట్టించుకోవు. లూప్ ఎక్కడుంది, కండిషన్ ఎక్కడుంది, ఆ వరుస రెండు ఫైళ్లలో ఎంత దూరం కలుస్తోంది అన్నదే వాటి లెక్క. ఫంక్షన్లను కిందికీ పైకీ జరిపినా పట్టేస్తాయి.

అయితే బబుల్ సార్ట్ (అంకెలను వరుసలో పెట్టే చిన్న ప్రోగ్రామ్) రాయమంటే ఎవరు రాసినా పది పన్నెండు లైన్లే, అవీ దాదాపు ఒకేలా ఉంటాయి. పైగా సగం కోడ్ మేడమ్ బోర్డు మీద రాసిందే. అలాంటిదాన్ని లెక్కలోంచి తీసేయడానికి మాస్‌కి దాన్ని ముందే బేస్ ఫైల్‌గా ఇచ్చే వీలుంది. అదీ వాడకుండా, ఎనభై శాతం కలిసిందని ఇద్దరికీ సున్నా వేసేయడం ఏం న్యాయం? ఎవరు రాశారో, ఎవరు ఎత్తారో ఆ టూల్‌కి తెలియదు. పోలికలు చూపించడం వరకే దాని పని, కాపీయో కాదో మనిషే తేల్చాలి. కొందరు ఇది కాపీలపై యూజీసీ రూల్ అంటారు గానీ, 2018 నాటి ఆ నిబంధనల్లోని 10, 40, 60 శాతాల మెట్లు థీసిస్‌లకూ పరిశోధన పత్రాలకూ పెట్టినవి. అసైన్‌మెంట్లను, కోర్సువర్క్‌ను అందులోంచి స్పష్టంగా మినహాయించారు.

ఇక 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, పక్కవాడి కోడ్‌తో కలవకుండా కొత్తగా రాయించుకోవడం కూడా సులువైపోయింది, ఫైళ్లను ఒకదానితో ఒకటి పోల్చే టూల్ అక్కడ చేయగలిగింది తక్కువే.

మిగిలింది వైవా, అంటే నోటి పరీక్ష. దానికి మార్కులున్నాయి, కానీ చాలాచోట్ల అది పేరు అడిగి, రికార్డు మీద సంతకం పెట్టడంతో అయిపోతోంది (ఇది లెక్చరర్లు కూడా ఒప్పుకుంటారు). కోడ్ కలిసినవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి, ఈ లూప్ సున్నా బదులు ఒకటి నుంచి మొదలైతే ఏమవుతుందని అడగండి, అక్కడే చిన్న మార్పు చేయించండి. క్లాసంతటికీ అంత టైమ్ ఎక్కడిదంటారా, టూల్ చూపించిన నలుగురినీ, చీటీ తీసి మరో ముగ్గురినీ పిలిస్తే చాలు. ఎవరి పేరు వస్తుందో ముందే తెలియకపోతే మిగతావాళ్లూ తమ కోడ్ ఒకసారి చదువుకునే వస్తారు.