నానో యూరియా సీసా గారికి, చెప్పులు లైనులో పెట్టినవాడు రాయునది

మహారాజశ్రీ నానో యూరియా సీసా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఆకుల మీద చల్లే ద్రవ ఎరువైన తమరు కుశలమే. మా అటక మీద తమరి సీసాలవారు తొమ్మిది మంది వరుసగా కూర్చున్నారు, ఒక్కరి మూతా ఊడలేదు. మా వరే కాస్త పసుపు తిరిగింది.

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి ఎరువుల కొట్టు ముందు చెప్పులు పెట్టి వచ్చాను. అప్పటికే నా ముందు ఎనభై జతలు. చెప్పులు పోతాయని భయమున్నవాళ్లు పాసుబుక్కు జిరాక్సు పెట్టి దాని మీద రాయి ఉంచారు. పదకొండింటికి నా వంతు వచ్చింది. "రెండు బస్తాలు, రెండు సీసాలు" అన్నాడు కుర్రాడు. సీసాలు వద్దన్నాను. "అయితే బస్తాలూ లేవు బాబాయ్. లింకు" అన్నాడు.

ఇక్కడే నాకో ధర్మసందేహం. 2021లో తమరు లోకంలోనే తొలి నానో యూరియా అంటూ మార్కెట్లోకి దిగినప్పుడు, అర లీటరు సీసా ఉంటే 45 కిలోల మామూలు యూరియా బస్తా అక్కర్లేదన్నారు. బస్తాకు బదులు వచ్చినవారికి బస్తా తోడు లేకపోతే గిరాకీ ఎందుకు లేదు? పెళ్లికొడుకునని ఊరేగి వచ్చి తోడుపెళ్లికొడుకు పీట మీద కూర్చున్నట్టుంది వ్యవహారం.

ఇంటరు చదివే మా అమ్మాయికి లెక్క అప్పజెప్పాను. బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. తమరి తొలి అవతారంలో 4 శాతం, అంటే సీసాకు 20 గ్రాములు. "నాన్నా, మధ్యలో మూడు సున్నాలు ఎవరో మింగేశారు" అంది. తర్వాత 'ప్లస్' అని బిరుదు తగిలించుకుని 20 శాతానికి ఎదిగారు, సంతోషం. అయినా 100 గ్రాములే.

తమరి తరఫు వాదన వినకపోలేదు. నేలలో చల్లిన యూరియాలో చాలా భాగం గాలిపాలు, నీటిపాలు అవుతుంది, నిజమే. తమరి రేణువులు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండవు, ఆకు రంధ్రాల్లోంచి నేరుగా దూరిపోతాయట. దూరనివ్వండి. చిల్లరంతా ఒక్క పైసా జారకుండా జేబులో పడినా అది పెద్ద నోటు కాదు కదా! పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు రెండేళ్లు పొలంలో పరీక్షించి చూస్తే, మామూలు యూరియా మోతాదుతో పోల్చినప్పుడు వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం పడిపోయింది.

'నానో' అన్న తమరి ఇంటిపేరు మీద నాకు కోపం లేదు. ఆ ఇంటివాళ్లే, నానో కొవ్వు రేణువులు, కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాను కణం లోపలిదాకా మోసుకెళ్లారు. మద్రాసు ఐఐటీలో నానో పదార్థాలతో తాగునీటిలోని ఆర్సెనిక్‌ను వడగడుతున్నారు. పేరు నిలబెట్టినవాళ్లు వాళ్లు.

అటక దులుపుతూ మా అమ్మ, "ఇన్ని సీసాలు, ఏ గుడి తీర్థంరా ఇది?" అంది. పంటకు చల్లేదని చెప్పాను. "చల్లలేదేం మరి?" అంది. పంపు అద్దె, కొట్టే మనిషి కూలి కలిపి చెప్పేసరికి మాట్లాడకుండా దిగిపోయింది.

రేపు లారీ వస్తుందంటున్నారు. చెప్పులు ఇప్పుడే పెట్టి వచ్చాను. అటక మీద ఇంకో ఇద్దరికి చోటు చేస్తున్నాను, తమరివాళ్లే.

ఇట్లు,
ఎనభై ఒకటో జత