జేబులో ఐసీయూ

మా అత్తయ్యగారు తెనాలిలో పినాకిని ఎక్కేశారు. నన్ను చూడటానికి చెన్నై వస్తున్నారు. నాకేమీ కాలేదు.

నిన్న సాయంత్రం టి.నగర్‌లో సామాన్లు కొని, రెండు చేతులా సంచులతో మాంబలం స్టేషన్ స్కైవాక్ మీద నడుస్తున్నాను. చెవుల్లో బ్లూటూత్, జేబులో ఫోను. మే నెల కదా, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారి ఫోను.

ఫోను చెవికి ఆనిస్తే సెన్సార్ కనిపెట్టి స్క్రీన్ ఆపేస్తుంది. బ్లూటూత్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం నా ఫోను ఆ బాధ్యత తీసుకోదు. స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది. దాని మీద చెమటకు తడిసిన పల్చటి నూలు గుడ్డ, ఆ గుడ్డ వెనక నా ఛాతీ. వేలు పెట్టినట్టే లెక్క.

పవర్ బటన్ ఒక్కసారి నొక్కి స్క్రీన్ ఆర్పేస్తే సరిపోయేది. కానీ సంక్రాంతికి వచ్చిన మా బావమరిది, "సౌకర్యంగా ఉంటుంది బావా" అంటూ ఆ బటన్ నొక్కితే కాల్ కట్టయ్యేలా సెట్టింగ్ మార్చి పోయాడు. అడిగామా? అత్తయ్యగారు మాట్లాడుతుంటే ఫోన్ కట్ చేసే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు.

ఆవిడ ఆవకాయకు కాయలు దొరకలేదని చెబుతున్నారు. నా ఛాతీ ముందు మ్యూట్ నొక్కింది. తర్వాత కీప్యాడ్ తెరిచింది.

"ఏమిటి బాబూ, ఆ బీప్ బీప్?"

"ఏమీ లేదు అత్తయ్యగారూ, బజార్లో ఉన్నాను" అన్నాను. ఆవిడకు వినపడలేదు. మ్యూట్‌లో నా మాట వెళ్లదు, కానీ అంకెల మోత వెళ్తుంది.

"బాగానే ఉన్నావా?"

బీప్.

"ఊపిరాడుతోందా నాయనా?"

బీప్ బీప్.

ఒక్కో అంకెకు రెండు స్వరాలు కలిపి మోగిస్తారు. 5 అంటే 770, 1336 హెర్ట్జ్‌లు. 1963లో అమెరికాలో ఈ మోతల ఫోన్లు అమ్మినవాళ్లు, ఒక తెలుగు అల్లుడు వాటిని గుండెతో వాయిస్తాడని ఊహించి ఉండరు. పోయినేడు గుంటూరులో మావయ్యగారి మంచం పక్కన మిషను కూడా అచ్చం ఇలాగే కూసిందట. నేను "అత్తయ్యగారూ! అత్తయ్యగారూ!" అని స్కైవాక్ దద్దరిల్లేలా అరుస్తున్నాను. ఎదురొస్తున్న పూలమ్మే ఆవిడ నాకు దారిచ్చి పక్కకు తప్పుకుంది. చివరికి ఒక పొడుగాటి బీప్. "అయ్యో దేవుడా!" అన్నారావిడ. అదే చెమట కాల్ కట్ చేసేసింది.

ఇల్లు చేరేసరికి బావమరిది ఫ్యామిలీ గ్రూపులో "బావ ఐసీయూలో, మాట లేదు" అని పెట్టేశాడు. అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. మా పిన్ని మాత్రం బొటనవేలు ఎత్తింది. నేనే ఫోన్ చేసి బాగానే ఉన్నానంటే, "నా దగ్గర దాస్తున్నావు బాబూ" అని అత్తయ్యగారు ఏడ్చారు.

ఆ సెట్టింగ్ ఎక్కడుందని బావమరిదిని అడిగితే, "ముందు నువ్వు రెస్ట్ తీసుకో బావా" అన్నాడు. రాత్రి పన్నెండింటికి నేనే వెతికి పట్టుకున్నాను. యాక్సెసిబిలిటీలో ఉంది.

ఇప్పుడు సెంట్రల్‌కి బయలుదేరుతున్నాను. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి చెప్పింది: "అమ్మ పాపం అంత దూరం నుంచి వస్తోంది. కాస్త నీరసంగా నడవండి."