డెత్: మనుషులు మారిన ప్రతిసారీ మారిన సంగీతం

గర్జన లాంటి గొంతుతో, భీకరమైన గిటార్లతో సాగే సంగీతం డెత్ మెటల్. దానికి పునాది వేసినవాళ్ల లెక్క తీస్తే చాలామంది ముందు చెప్పే పేరు గిటారిస్టు, గాయకుడు చక్ షుల్డినర్. ఆయనకు మాత్రం డెత్ మెటల్ పితామహుడనే బిరుదు గిట్టేది కాదు. 1983లో ఫ్లోరిడాలో మాంటాస్ పేరుతో మొదలై, మరుసటి ఏడాదికి 'డెత్'గా మారిన ఆయన బ్యాండ్ 1987 నుంచి 1998 వరకు ఏడు ఆల్బమ్‌లు తెచ్చింది. వరసగా ఏ రెండింట్లోనూ ఒకే జట్టు లేదు. చక్‌తో వేగలేకే ఎవరూ నిలవలేదని అంటుంటారు. అందులో నిజం లేకపోలేదు. 1990లో యూరప్ టూర్‌కు ఆఖరి నిమిషంలో చక్ తాను రానంటే, డ్రమ్మరూ బేసిస్టూ ఆయన లేకుండానే వెళ్లి వాయించి వచ్చారు. తర్వాత వాళ్లకు ఉద్వాసన తప్పలేదు. కానీ ఆ గొడవే బ్యాండ్‌కు మేలు చేసిందంటాను.

మొదటి ఆల్బమ్ 'స్క్రీమ్ బ్లడీ గోర్'లో డ్రమ్స్ క్రిస్ రీఫర్ట్‌వి. మిగతాదంతా చక్ ఒక్కడే. పాటలన్నీ రక్తం, శవాలు, హారర్ సినిమాలు. 1990లో 'స్పిరిచువల్ హీలింగ్' వచ్చేసరికి టీవీ మతబోధకుల మోసాల్లాంటివి పాటల్లోకి ఎక్కాయి. మాట మారింది గానీ వాయింపు ఇంకా పాత దారిలోనే ఉంది.

అసలు మలుపు 1991 నాటి 'హ్యూమన్'. ఉద్వాసన తర్వాత ఖాళీ అయిన డ్రమ్స్ దగ్గరికి సినిక్ బ్యాండ్ కుర్రాడు షాన్ రైనర్ట్ వచ్చాడు. గిటార్‌కు అదే బ్యాండ్ నుంచి పాల్ మస్విడాల్, బేస్‌కు స్టీవ్ డిజార్జియో. సినిక్ కుర్రాళ్లిద్దరికీ జాజ్‌నూ రాక్‌నూ కలిపే జాజ్ ఫ్యూజన్ అంటే పిచ్చి. మొదటి పాట మొదట్లో డ్రమ్స్ దూరం నుంచి మెల్లగా దగ్గరికొస్తాయి. గిటార్ అందుకునేలోపే ఇది పాత డెత్ కాదని తెలిసిపోతుంది. తనకన్నా ఎక్కువ సంగీతం వచ్చినవాళ్లను పిలిచి, వాళ్లకు చోటిచ్చి, వాళ్లను తట్టుకునేలా రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలు) రాశాడు చక్. బ్యాండ్ తన సొంతం అనుకునే మనిషికి అది తేలికేం కాదు.

తర్వాత రెండు ఆల్బమ్‌లకు డ్రమ్స్‌పై జీన్ హోగ్లన్ కూర్చున్నాడు. 1995 నాటి 'సింబాలిక్' నా లెక్కలో వీళ్ల శిఖరం. 'క్రిస్టల్ మౌంటెన్' చివర్లో అకూస్టిక్ గిటార్ వినిపిస్తుంది. ఎనిమిదేళ్ల కిందట ఇదే బ్యాండ్‌లో అలాంటిది ఊహకు కూడా అందదు. 1998 నాటి 'ది సౌండ్ ఆఫ్ పర్సివరెన్స్'ను చాలామంది నెత్తిన పెట్టుకుంటారు గానీ, అందులో ఒక్కో పాటలో మూడు పాటలకు సరిపడా సరుకు కుక్కినట్టనిపిస్తుంది. లోగో తీరు దీనికి రివర్స్. తొలి రోజుల సాలెగూళ్లూ తలకిందుల శిలువా పోయి, చివరికి అది బాగా సాదా అయిపోయింది.

ఇన్ని మారినా గొంతు మాత్రం గర్జనగానే ఉండిపోయింది. శ్రుతి కాస్త పైకెక్కిందంతే. గర్జన లేని మామూలు గానం కావాలనుకున్నప్పుడు కూడా, అది బాగా వచ్చినవాళ్లను పిలిచే పాత పద్ధతే చక్ పాటించాడు. కంట్రోల్ డినైడ్ అనే మరో బ్యాండ్ పెట్టి, టిమ్ ఏమర్ చేత పాడించాడు. ఆ బ్యాండ్ ఆల్బమ్ 1999లో వచ్చింది. అదే ఏడాది ఆయనకు మెదడులో కణితి బయటపడింది. ఆపరేషన్ ఖర్చుకు మెటల్ లోకమంతా చందాలెత్తింది. 2001 డిసెంబర్ 13న, 34 ఏళ్లకే చనిపోయాడు. కంట్రోల్ డినైడ్‌ను డెత్ అభిమానులు చాలామంది పక్కదారిగానే చూస్తారు. నన్నడిగితే 'సింబాలిక్' తర్వాత వినాల్సింది ఆ ఆల్బమే.