అచ్చుతప్పు

నేను డిగ్రీలో ఓ ఏడాది తప్పానని మా పెద్దత్త ఇప్పటికీ నమ్ముతుంది. డిగ్రీ అంటే మూడేళ్లు, నాలుగో ఏడు కూడా పిల్ల కాలేజీకి వెళ్తోందంటే సప్లిమెంటరీలే అని ఆవిడ లెక్క. ఇది నాలుగేళ్ల ఆనర్స్ అనీ, ఇందులో 75 శాతం తెచ్చుకుంటే ఎమ్మే చదవకుండానే పీహెచ్‌డీలో చేరే అర్హత వస్తుందని 2022లో యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ చెప్పిందనీ అరగంట వివరించాను. అంతా విని, "పోనీలే అమ్మా, ఈసారైనా గట్టెక్కు" అంది. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కొడితే నెలకు 37 వేలని చెప్పాక మా నాన్న మాత్రం నా టేబుల్ మీద ఫ్యాను పెట్టించారు.

గట్టెక్కించే బాధ్యత మా హిస్టరీ మాస్టారిది. పీహెచ్‌డీ పిచ్చి పట్టిన ఐదుగురిని ఏరి, శనివారం మధ్యాహ్నాలు స్టాఫ్ రూమ్ వెనక బీరువాల గదిలో కూర్చోబెట్టేవారు. మధ్యలో కాగితం మీద వేయించిన పల్లీలు. ఆయన దగ్గర ఉన్నవి రెండే మంత్రాలు. ఒకటి, "కుదించు". రెండు, "గ్యాప్ ఎక్కడమ్మా?" అంటే మనకన్నా ముందు పరిశోధన చేసినవాళ్లు వదిలేసిన ఖాళీ ఏదని. అది దొరకనిదే పల్లీలు కూడా సరిగ్గా తిననిచ్చేవారు కాదు.

మొదటి వారం "తెలుగు పత్రికలు - సమాజం" అని రాసుకెళ్లాను. "సమాజాన్నంతా ఎందుకమ్మా ఇబ్బంది పెట్టడం? ఎవరో ఒకరిని పట్టుకో" అన్నారు. నాలుగో వారానికి పత్రికలన్నీ పోయి ఆంధ్రపత్రిక మిగిలింది. ఆరో వారం అందులో వార్తలు తీసేశారు. ప్రకటనలు మిగిలాయి. ఎనిమిదో వారానికి నా చేతిలో ఒక్క అమృతాంజనం సీసా ఉంది. గోదావరి నాగరికతతో బయల్దేరిన రాంబాబు అప్పటికి ఏదో రేవులో ఏడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

నిజం చెప్పొద్దూ, సీసా మంచి విషయమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ సంపాదనతో 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసు చేర్చి దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' కూడా పెట్టారు. జనం తలనొప్పి మీద వచ్చిన డబ్బుతో జనానికి వార్తలు, ఆ వార్తలు చదివితే మళ్లీ తలనొప్పి, దానికి మళ్లీ సీసా. ఇదీ నా సిద్ధాంతం. రెండో సగం మాస్టారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు.

ఏం పరిశోధన చేస్తానో చెబుతూ చేత్తో రాసిన నాలుగు పేజీల సినాప్సిస్‌ని టైపుకి మా వీధి చివర శ్రీను దగ్గర ఇచ్చాను. శ్రీను పెళ్లి శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు వేస్తాడు. పరిశోధన వెయ్యడం అదే మొదటిసారి. అయినా ఏ మాత్రం బెదరలేదు.

ఆ ఫైలు మా లైబ్రరీలో కాపీ పరీక్షకు వెళ్లింది. ఇతరుల రాతతో పది శాతం దాకా కలిసినా యూజీసీ ఏమీ అనదు. నాకు వచ్చింది సున్నా. ఆ పూటంతా కాలేజీలో నేను నేల మీద నడవలేదు. రాంబాబుకి తొమ్మిది వచ్చింది, వాడిని జాలిగా చూశాను.

మాస్టారు రిపోర్టు చూసి సంతోషించలేదు. "సున్నా ఏమిటమ్మా? నువ్వు నాగేశ్వరరావు పంతులుగారి పేరు రాశావు కదా. అది కూడా ఇంతకు ముందు ఎవరూ రాయలేదా?" అని తన కంప్యూటర్‌లో ఫైలు తెరిచారు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, తలకిందులుగా నిలబడ్డ ప్రశ్నార్థకాలు. శ్రీను ఎప్పటిదో శుభలేఖల ఫాంటులో కొట్టాడు. అది వాడి కంప్యూటర్‌లో తప్ప ఈ భూమ్మీద మరెక్కడా తెలుగు కాదు.

"సొంత రచనేనమ్మా, అనుమానం లేదు" అన్నారు మాస్టారు. "యూనికోడ్‌లోకి మార్పించుకురా, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులా కనిపిస్తుంది. రేపే మాక్ ఇంటర్వ్యూ."

రాత్రి పదిన్నరకి శ్రీను మేనల్లుడు ఎక్కడో ఉచితంగా దొరికిన కన్వర్టర్‌లో పడేశాడు. స్క్రీన్ నిండా తెలుగు కనిపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోంచి చదవడం కుదరలేదని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, అసలు చదవాలనే తోచలేదు. మూడు కాపీలు తీయించుకుని ఇంటికి వచ్చి పడుకున్నాను.

మర్నాడు బీరువాల గదిలో మాస్టారు, తెలుగు మేడమ్, ఇంగ్లీషు సార్ కూర్చున్నారు.

"మృతాంజనం అంటే ఏమిటమ్మా?" తెలుగు మేడమ్ మొదలుపెట్టారు. "పోయినవాళ్లకి కూడా తలనొప్పి ఉంటుందంటావా?"

టైపు పొరపాటండీ అన్నాను. ఆవిడ పేజీ తిప్పారు.

"'ఈ విషయంపై ఇప్పటిదాకా జరిగిన పరిశోధన సమగ్రం, సంపూర్ణం' అని రాశావు. మరి నువ్వు చెయ్యడం దేనికి?"

నేను రాసింది అసమగ్రం, అసంపూర్ణం. నోరు తెరిచేలోపు ఇంగ్లీషు సార్ అందుకున్నారు. "ప్రకటనల్లోని సత్యాలను బయటపెడతానంటున్నావు. సత్యాలు ఎప్పుడూ బయటే ఉంటాయి కదా? అదీగాక ప్రతిచోటా 'యితే', 'యినా' అని రాశావు. గ్రాంథికం మీద అభిమానమా?"

మాస్టారు మాత్రం ఏమీ అడగలేదు. ఆయన కృతజ్ఞతల పేజీ దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు పైకి జరుపుకుని పైకే చదివారు: "మా మాస్టారి సామాన్యమైన పాండిత్యానికి, పరిమితమైన ఓర్పుకి నా నమస్సులు."

గదిలో రాంబాబు పల్లీ నమిలిన చప్పుడు ఒక్కటే వినిపించింది.

జబ్బు కనిపెట్టింది తెలుగు మేడమే. కాగితం వెలుతురుకి పెట్టి చూసి, "అకారం ఎగిరిపోయింది మాస్టారూ! ఆ నుంచి ఔ దాకా అందరూ క్షేమం. మొదటివాడొక్కడే లేడు" అన్నారు. ఆ కన్వర్టర్‌కి పాత ఫాంటులోని 'అ' తెలియక, కనిపించిన చోటల్లా దాటేసిందన్నమాట. మిగతా అక్షరాలన్నీ చక్కగా ఉండటమే నా ప్రాణం తీసింది. అన్నీ పాడైతే ఎవరికైనా అనుమానం వచ్చేది.

మేడమ్‌కి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "నఞ్ తత్పురుషం నఞ్ తత్పురుషం, ముందు 'అ' చేరితే అర్థం తిరగబడుతుంది అని మూడేళ్లు మొత్తుకున్నాను, ఒక్కరూ వినలేదు. ఈ కాపీ నాకివ్వు, ఫస్టియర్ పిల్లలకి చూపించాలి" అని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకున్నారు. అలా నా పరిశోధన పాఠ్యాంశంగా ప్రవేశించింది, పీహెచ్‌డీ కన్నా ముందే.

మాస్టారు నవ్వలేదు, తిట్టలేదు. "ఎనిమిది వారాలుగా గ్యాప్ ఎక్కడ, గ్యాప్ ఎక్కడ అని నీ ప్రాణం తీశాను. లైనుకొకటి పట్టుకొచ్చావు" అన్నారు. ఓర్పు పరిమితమైనదే అయినా ఇంకొంచెం మిగిలే ఉందన్నమాట. పల్లీలు నా వైపు జరిపి, మొదటి పేజీ మరోసారి చూడబోయి ఆగిపోయారు. "ఇదేమిటమ్మా పైన, చిన్నక్షరాల్లో?"

చూశాను. శ్రీను అలవాటు కొద్దీ ప్రతి శుభలేఖకీ వేసినట్టే నా సినాప్సిస్ నెత్తిన కూడా ఒక లైను వేశాడు. కన్వర్టర్ దాన్నీ వదల్లేదు.

శ్రీరస్తు. శుభమస్తు. విఘ్నమస్తు.

సాయంత్రం కాగితం పట్టుకెళ్లి శ్రీను ముందు పెట్టాను. తీరిగ్గా చదివి, వెనక్కిచ్చి, "ఆ లైనుకి నేను డబ్బులు తీసుకోలేదు కదమ్మా" అన్నాడు.